సానెట్ ఛందస్సు లెక్క ఎక్కడ తప్పుతోంది: సమస్య - పరిష్కారం

ఉత్పలమాలకో కందానికో చకచకా గణవిభజన చేసేవాళ్లు కూడా ఇంగ్లీషు సానెట్ (సాధారణంగా 14 పాదాల పద్యం) దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంటారు. వాళ్లకు లెక్క రాక కాదు, తక్కెడ మారింది. తెలుగు ఛందస్సు అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని కొలుస్తుంది. ఇంగ్లీషు ఛందస్సు గొంతు ఏ సిలబుల్ (ఒక్క విడతలో పలికే ధ్వని ముక్క) మీద ఒత్తి పలుకుతుందో, అంటే ఊనికను కొలుస్తుంది. కింది సమస్యల్లో సగం ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి.

నమూనాకి షేక్‌స్పియర్ 116వ సానెట్ తీసుకుందాం. 1609లో అచ్చయిన 154 సానెట్లలో అది బాగా ప్రసిద్ధం. మన పనికి అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, విద్యార్థిని ఇబ్బంది పెట్టే చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. ఆ సానెట్ ప్రతిని దగ్గర పెట్టుకుని, పాదాలకు 1 నుంచి 14 వరకు అంకెలు వేసుకోండి.

తూకపు రాయిగా ఒక్క పాదాన్ని మనసులో పెట్టుకోవాలి. 12వ సానెట్ మొదటి పాదం ఇది: "వెన్ ఐ డూ కౌంట్ ద క్లాక్ దట్ టెల్స్ ద టైమ్". పది పదాలు, పదీ ఒక్కో సిలబులే. డ-డం, డ-డం అని అయిదుసార్లు. గడియారం గురించిన పాదం గడియారంలాగే కొట్టుకుంటుంది. డ-డం అనే జతను ఐయాంబ్ అంటారు, అలాంటివి అయిదు ఉంటే ఐయాంబిక్ పెంటామీటర్.

లక్షణం: పుస్తకంలో చెప్పినదానికి మీ విభజన సరిగ్గా తలకిందులుగా వస్తోంది

కారణం చాలా చిన్నది. తెలుగులో గిన్నె ఆకారపు గుర్తు గురువుకి, నిలువు గీత లఘువుకి. ఇంగ్లీషు పుస్తకాల్లో అదే గిన్నె గుర్తు ఊనిక లేని సిలబుల్ మీద, వాలుగీత ఊనిక ఉన్నదాని మీద పెడతారు. ఎనిమిదో తరగతి నుంచి చేతికి అలవాటైన గుర్తు కదా, ఇక్కడ మోసం చేస్తుంది.

గిన్నె గుర్తును పూర్తిగా వదిలేయండి. ఊనిక ఉన్నచోట వాలుగీత, లేనిచోట చుక్క పెట్టండి. ఎవరూ తప్పుపట్టరు.

ఇలాంటి గందరగోళమే పదాల్లోనూ ఉంది. ఇంగ్లీషు "ఫుట్"ను అక్షరాలా పాదం అని తెలుగు చేస్తే కొంప మునుగుతుంది. మన పాదం వాళ్ల లైను, వాళ్ల ఫుట్ మన గణం. మన ప్రాస పాదంలో రెండో అక్షరానిది, వాళ్ల రైమ్ పాదం చివరిది, అంటే అంత్యప్రాస. మన యతి అక్షరాల మైత్రి, వాళ్ల సిజ్యూరా పాదం మధ్యలో ఉత్త విరామం. ఈ వ్యాసంలో పాదం అంటే లైనే.

లక్షణం: గురులఘువులు పెడితే ఏ పాదమూ కుదరదు

కారణం మొదట్లో చెప్పిన తక్కెడ తేడానే. "ఎవర్" అనే మాట చూడండి. తెలుగు లెక్కలో ఎ లఘువు, వర్ గురువు, అంటే లగం. ఇంగ్లీషులో ఊనిక "ఎ" మీద పడుతుంది, రెండోది తేలిపోతుంది. ఫలితం పూర్తిగా ఎదురు. "నెవర్", "అదర్" కూడా ఇంతే. "షేకెన్" అయితే మన లెక్కలో రెండు గురువులు, వాళ్ల లెక్కలో బలం-బలహీనం. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసుకుని విభజించేవాళ్లు ఇక్కడే ఎక్కువగా బోల్తా పడతారు.

సరిచేసే పద్ధతికి ఒక వరస ఉంది. దాన్ని మార్చకండి.

1. పాదంలో రెండు, అంతకంటే ఎక్కువ సిలబుల్స్ ఉన్న మాటల కింద గీత గీయండి. ఉచ్చారణ ఇచ్చే మంచి నిఘంటువు తీసి ఊనిక ఎక్కడుందో చూడండి. ఊనిక పడే సిలబుల్‌కి ముందు, పైన చిన్న నిలువు గీత ఉంటుంది. ఈ మాటల ఊనిక స్థిరం, కవి ఇష్టమొచ్చినట్టు మార్చలేడు. ముందుగా పాతాల్సిన గుంజలు ఇవే.

2. తర్వాత ఒకే సిలబుల్ ఉన్న నామవాచకాలు, క్రియలు, విశేషణాలు చూడండి. వీటికి మామూలుగా ఊనిక ఉంటుంది.

3. "ద", "ఆఫ్", "టు", "అండ్", "ఈజ్" లాంటి చిల్లర మాటలను ఖాళీగా వదలండి. వీటికి సొంత బలం లేదు, పక్కవాళ్లను బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి.

4. ఇప్పుడు డ-డం చట్రాన్ని పైన పరచండి. ఖాళీలు చట్రాన్ని బట్టి నిండుతాయి. గుంజలు, చట్రం కొట్టుకున్నచోట ఒక సున్నా చుట్టండి. విశ్లేషణ మొదలయ్యేది ఆ సున్నాల దగ్గరే.

మూడో పాదం మీద ప్రయత్నించండి: "విచ్ ఆల్-టర్స్ వెన్ ఇట్ ఆల్-ట-రే-షన్ ఫైండ్స్". ఊనికలు ఆల్, వెన్, ఆల్, రే, ఫైండ్స్ మీద పడతాయి. గుంజలన్నీ చట్రంలో సరిగ్గా కూర్చున్నాయి, ఒక్క సున్నా లేదు. మాటల మధ్యలోంచి గణం విరగడం చూసి కంగారుపడకండి. గణానికి పదం హద్దు పట్టదన్నది మన పద్యం చదివినవారికి కొత్త కాదు.

పాత కవుల దగ్గర మాత్రం నిఘంటువును గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని మాటల్లో ఊనిక స్థానం ఈ 400 ఏళ్లలో మారింది. 26వ సానెట్లో "ఆస్పెక్ట్" అనే మాటకు "రెస్పెక్ట్"తో అంత్యప్రాస కట్టాడు. అంటే అప్పుడు ఊనిక రెండో సిలబుల్ మీద ఉండేదని ప్రాసే సాక్ష్యం చెబుతోంది.

లక్షణం: 10 సిలబుల్స్ రావాల్సినచోట 9, 11, 12 వస్తున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. "ఇది ఐయాంబిక్ పెంటామీటర్ కాదు" అని తేల్చేసేముందు 116లో 5 నుంచి 8 వరకు పాదాలను చూడండి. నాలుగు పాదాలు, మూడు రకాల రోగాలు.

5వ పాదం: "ఓ నో, ఇట్ ఈజ్ ఆన్ ఎవర్-ఫిక్స్‌డ్ మార్క్". నేటి ఉచ్చారణలో 9. తగ్గిందంటే పాదంలో "-ఈడీ" (ed) అక్షరాలతో ముగిసే మాట ఏదైనా ఉందేమో వెతకండి. ఆ కాలంలో దాన్ని విడిగా ఒక సిలబుల్‌గా పలికే వీలుండేది. "ఫిక్-సెడ్" అని విప్పితే 10. కొన్ని ఆధునిక ప్రతులు ఆ అచ్చు మీద చిన్న వాలు గుర్తు పెట్టి ఈ సంగతి చెబుతాయి, కొన్ని చెప్పవు. మీ ప్రతిలో గుర్తు లేకపోతే తప్పు మీది కాదు.

6వ పాదం: "దట్ లుక్స్ ఆన్ టెం-పెస్ట్స్ అండ్ ఈజ్ నె-వర్ షే-కెన్". 11. పదో సిలబుల్ "షే" మీద ఊనిక ఉంది, "కెన్" బలహీనంగా చివర వేలాడుతోంది. దీన్ని ఫెమినిన్ ఎండింగ్ అంటారు, దోషం కాదు. 8వ పాదం చివర "టేకెన్" కూడా అంతే. ఇలాంటప్పుడు చివరి రెండు సిలబుల్స్ కలిసే అంత్యప్రాస అవుతాయి. 20వ సానెట్లో మొత్తం 14 పాదాలూ ఇలాగే ముగుస్తాయి.

7వ పాదం: "ఇట్ ఈజ్ ద స్టార్ టు ఎవెరీ వాండరింగ్ బార్క్". పూర్తిగా విప్పి లెక్కపెడితే 12. ఇక్కడ నొక్కాలి, అంటే రెండు సిలబుల్స్‌ని ఒకటిగా కుదించాలి: "ఎవ్రీ", "వాండ్రింగ్". 10 అయింది.

నొక్కాలా, చివర అదనంగా వదిలేయాలా అని ఎలా తెలుస్తుంది? పాదం చివర చూడండి. ఆఖరి సిలబుల్‌కి ఊనిక లేకుండా దాని ముందుదానికి ఉంటే ఫెమినిన్ ఎండింగ్. ఆఖరి సిలబుల్ మీదే ఊనిక ఉంటే అదనపుది లోపల ఎక్కడో దాక్కుంది, వెతికి నొక్కండి. "షేకెన్"కి మొదటిది, "బార్క్"కి రెండోది.

దాక్కునే చోట్లు కూడా లెక్కగా కొన్నే. రెండు అచ్చుల మధ్య ర వచ్చే మాటలు ఒకటి. 12వ పాదంలోని "ఈవెన్", ఇంకా "హెవెన్" లాంటి వ-కారపు మాటలు ఒకటి. 11వ పాదంలోని "అవర్స్", ఇంకా "పవర్", "ఫ్లవర్" లాంటివి మరొకటి. అచ్చుకి ముందొచ్చే "ది" ఇంకొకటి.

అయితే ఒకే మాటకు అన్నిచోట్లా ఒకే లెక్క ఉంటుందనుకోవద్దు. 18వ సానెట్ 5వ పాదంలో "హెవెన్" రెండు సిలబుల్స్, 29వ సానెట్ 3వ పాదంలో అదే మాట ఒక్కటే. కవి అవసరాన్ని బట్టి సాగదీశాడు, నొక్కాడు. నిర్ణయించేది మాట కాదు, పాదం.

లక్షణం: మొదటి పాదమే ఐయాంబిక్‌గా లేదు

"లెట్ మి నాట్ టు ద మ్యారేజ్ ఆఫ్ ట్రూ మైండ్స్". 10 సిలబుల్స్ ఉన్నాయి. డ-డం అని చదివితే "మి", "టు" మీద ఊనిక పడి వికారంగా ఉంటుంది. మామూలుగా మాట్లాడినట్టు చదివితే "లెట్", "మ్యా", "ట్రూ", "మైండ్స్" మీద ఊనిక పడుతుంది. ఇక్కడ పండితులే ఒకే రకంగా విభజించరు, మీకు తేలకపోవడం సహజం.

కారణం: కవులు మొదటి పాదాన్ని తరచుగా గాలిలోకి గట్టిగా విసురుతారు. ఛందస్సు నిర్ణయానికి అన్నిటికంటే పనికిరానిది అదే. అయినా అందరూ మొదలుపెట్టేది అక్కడే.

మధ్యలోంచి నాలుగైదు పాదాలు తీసుకుని చట్రం ఏమిటో ముందు తేల్చుకోండి. ఆ తర్వాతే మొదటి పాదానికి తిరిగి రండి. అప్పుడది "వేరే ఛందస్సు"గా కాక, తెలిసిన చట్రం నుంచి పక్కకు జరిగినట్టుగా కనబడుతుంది.

పక్కకు జరగడానికీ పద్ధతి ఉంది. డ-డం బదులు డం-డ, అంటే ట్రోకీ, ఎక్కువగా రెండు చోట్ల వస్తుంది: పాదం మొదట్లో, నడుమ విరామం తర్వాత. 2వ పాదం చూడండి: "అడ్-మిట్ ఇం-పె-డి-మెంట్స్. లవ్ ఈజ్ నాట్ లవ్". పూర్ణవిరామం పడింది, ఊపిరి తీసుకున్నాం, వెంటనే "లవ్" మీద బరువు. నాలుగో గణం తిరగబడింది. "మెంట్స్"కి నిజమైన ఊనిక లేదు, చట్రమే దాన్ని కాస్త పైకి లేపుతుంది. రెండూ బలమైనవి పక్కపక్కన వస్తే స్పాండీ, రెండూ బలహీనమైనవైతే పిరిక్. 9వ పాదం మొదట్లో "లవ్స్ నాట్ టైమ్స్ ఫూల్" అని నాలుగు బరువైన మాటలు వరసగా పడ్డాయి. దాన్ని రెండు ఐయాంబ్‌లన్నా, రెండు స్పాండీలన్నా కొట్టుకోవాల్సిన పని లేదు. బరువు పెరిగిందని గమనిస్తే చాలు.

ఒక్క హెచ్చరిక. మూడో వంతు గణాలకు మించి మినహాయింపులు వస్తున్నాయంటే కవి తప్పాడని కాదు, మీరు చట్రం తప్పుగా పట్టుకున్నారని అనుమానించండి.

లక్షణం: అంత్యప్రాస కలవడం లేదు

116లో "లవ్ - రిమూవ్", "కమ్ - డూమ్", "ప్రూవ్డ్ - లవ్డ్". ఏడు జతల్లో మూడు నేటి చెవికి తప్పు. ఆనాటి ఉచ్చారణలో ఈ అచ్చులు ఇప్పటికంటే దగ్గరగా ఉండేవి, కాబట్టి వీటిని పూర్తి ప్రాసలుగానే లెక్కవేసి పథకం రాయండి. "కవి ఇక్కడ కావాలనే ప్రాస చెడగొట్టి ప్రేమలోని అపశ్రుతిని చూపించాడు" అనే వాక్యం జవాబు పత్రాల్లో తరచుగా కనబడుతుంది. 16, 17వ శతాబ్దాల కవుల మీద అది చెల్లదు. 20వ శతాబ్దపు కవి అయితే అది అసంపూర్ణ ప్రాస కావచ్చు, అప్పుడు ఆ మాట అనొచ్చు. కాబట్టి ముందు కవి కాలం చూసుకోండి.

అక్షరక్రమాన్ని చూసి ప్రాస నిర్ణయించడం మరో పొరపాటు. చెవితో వినాలి. కలవకపోతే కాలాన్ని అడగాలి.

లక్షణం: పెట్రార్కన్‌దో షేక్‌స్పియరన్‌దో తేలడం లేదు

ప్రాసలకు వరసగా క, ఖ, గ అని పేర్లు పెట్టుకుంటూ పొండి. మూడు నమూనాలు గుర్తుంటే చాలు.

పెట్రార్కన్ (ఇటలీ కవి పెట్రార్క్ పేరు మీదది): కఖఖక కఖఖక, తర్వాత ఆరు పాదాలు గఘచ గఘచ లేదా గఘగఘగఘ.
షేక్‌స్పియరన్: కఖకఖ గఘగఘ చఛచఛ జజ.
స్పెన్సేరియన్: కఖకఖ ఖగఖగ గఘగఘ చచ. ప్రతి నాలుగు పాదాల చివరి ప్రాసే తర్వాతి నాలుగింటిని మొదలుపెడుతుంది, ముక్తపదగ్రస్తంలా.

తేలకపోవడానికి కారణం సాధారణంగా చివరి రెండు పాదాలు. కప్లెట్, అంటే ప్రాస కలిసిన చివరి రెండు పాదాల జత, కనబడగానే షేక్‌స్పియరన్ అని రాసేస్తారు. పెట్రార్క్ పద్ధతిని ఇంగ్లీషులోకి తెచ్చిన థామస్ వయట్ మొదటి ఎనిమిది పాదాలు ఇటాలియన్ తీరులోనే ఉంచి చివర కప్లెట్ పెట్టాడు. జాన్ డన్ కూడా మతపరమైన సానెట్లలో అదే చేశాడు. కాబట్టి చివర చూడకండి, 5వ పాదం చూడండి. అది 4వ పాదంతో ప్రాస కలిపి, మొదటి ప్రాసే కొనసాగితే పెట్రార్కన్ ఎత్తుగడ. 5లో కొత్త ప్రాస వస్తే షేక్‌స్పియరన్ దారి.

షెల్లీ 1818లో అచ్చువేసిన "ఒజిమాండియస్" ఏ పెట్టెలోనూ ఇమడదు: కఖకఖ కగఘగ చఘచఛచఛ. అలాంటిదానికి పేరు వెతకడం మానేసి పథకం రాసి, ఏ ప్రాస ఏ భాగంలోంచి ఏ భాగంలోకి పాకిందో చెప్పండి. అక్కడ ఘ ప్రాస ఎనిమిది పాదాల గట్టు దాటి ఆరు పాదాల భాగంలోకి వచ్చింది. "మిశ్రమ రూపం" అనే రెండు మాటల కంటే ఈ ఒక్క వాక్యం విలువైనది.

లక్షణం: మలుపు 9వ పాదంలో లేదు

వోల్టా, అంటే ఆలోచన తిరిగే మలుపు, 9లోనే ఉండాలని నోట్సులు నేర్పడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అది పెట్రార్కన్ అలవాటు, చట్టం కాదు. 18వ సానెట్లో 9వ పాదం "బట్"తో, 29లో "యెట్"తో మొదలై లెక్కకు సరిపోతాయి. 130లో "అండ్ యెట్" 13లో వస్తుంది. 66లో పన్నెండు పాదాలు ఒకే విసుగు జాబితా, అసలు మలుపు 14వ పాదందే. మిల్టన్ తన చూపు పోవడం గురించి రాసిన సానెట్లో 9 దాకా ఆగలేదు, 8వ పాదం మధ్యలోనే తిప్పేశాడు. ఓపిక నేర్చుకోవాల్సినవాడి ఆత్రం అక్కడే తెలుస్తుంది.

వెతకాల్సింది అంకె కాదు. "కానీ", "అయినా", "అయితే" అనే అర్థం వచ్చే మాటలు, ప్రశ్న జవాబుగా మారడం, వాక్యంలో కర్త మారడం. 116లో 9వ పాదం దగ్గర మలుపు లేదు, వాదన కొత్త ఉపమానంతో కొనసాగుతుందంతే. 13లో "ఇఫ్" వచ్చి సవాలు విసురుతుంది. లేని మలుపును 9లో ఇరికించి రాసిన విశ్లేషణ మొదటి వాక్యంలోనే పట్టుబడుతుంది.

లక్షణం: 14 పాదాలే లేవు, లేదా 5 గణాలే లేవు

షేక్‌స్పియర్‌లోనే 99కి 15 పాదాలు, 126కి 12. 145వది నాలుగు గణాలదే, 8 సిలబుల్స్. సిడ్నీ "ఆస్ట్రోఫిల్ అండ్ స్టెల్లా" సానెట్ల వరుసలో మొదటి సానెట్ ఆరు గణాలది. మెరెడిత్ 1862లో 16 పాదాలతో ఒక వరుసంతా రాశాడు. హాప్కిన్స్ దగ్గర సిలబుల్స్ లెక్కే పెట్టకండి. ఆయన స్ప్రంగ్ రిథమ్‌లో లెక్కించేది ఊనికలను మాత్రమే, మధ్యలో బలహీన సిలబుల్స్ ఎన్నైనా దూరతాయి.

లక్షణం: ఇటాలియన్ మూలంలో 13 సిలబుల్స్ వస్తున్నాయి

ఇటాలియన్ పాదానికి ప్రమాణం 11, పదో సిలబుల్ మీద ఊనిక తప్పనిసరి. మాట చివరి అచ్చు, తర్వాతి మాట మొదటి అచ్చు కలిసి ఒక్క సిలబుల్. రాతలో రెండూ ఉంటాయి, నోట్లో ఒకటవుతాయి. పెట్రార్క్ సంకలనం మొదటి పాదం ఇలా విరుగుతుంది: వొయి - కా - స్కొల్ - తా - తె‌ఇన్ - రీ - మె - స్పార్ - సె‌ఇల్ - స్వో - నొ. 11. ఆ రెండు కలయికలు వదిలేస్తే 13. సంధి అలవాటున్న నోటికి ఇది చెప్పకుండానే పట్టుబడాలి. ఫ్రెంచి సానెట్ల సాధారణ పాదం 12, ఆరు తర్వాత విరామం.

లక్షణం: విభజనంతా సరిగ్గా వచ్చింది, ఇక రాయడానికి ఏమీ లేదు

చివరి చిక్కు ఇదే, ఎక్కువ మార్కులు పోయేదీ ఇక్కడే. "ఐయాంబిక్ పెంటామీటర్, కఖకఖ..., మూడు క్వాట్రెయిన్లు (నాలుగేసి పాదాల ముక్కలు), ఒక కప్లెట్" అని రాస్తే అది కొలతల చీటీ. మీరు చుట్టిన సున్నాల దగ్గరికి వెళ్లండి. వాటిలో రెండు ఎంచుకోండి, పది వద్దు.

2వ పాదంలో తిరగబడిన "లవ్" తీసుకోండి. నిర్వచనం సరిగ్గా అక్కడ మొదలవుతోంది, ఆ మాట విరామం తర్వాత మొదటి బరువును లాక్కుంది, అదే మాటతో పాదం ముగిసింది. రెండు "లవ్"ల మధ్య ఉన్నది "ఈజ్ నాట్". ఇది లెక్కలోంచి అర్థంలోకి తీసుకెళ్లే పరిశీలన.

6వ పాదం మీద మాత్రం ఆశ పడకండి. "నెవర్ షేకెన్" అని చెబుతూనే అదనపు సిలబుల్‌తో పాదం ఊగుతోందని రాయాలనిపిస్తుంది, వినడానికీ బాగుంటుంది. కానీ 8లో "టేకెన్" కూడా అలాగే ముగిసింది, అక్కడ ఊగేదేమీ లేదు. ఒకచోట పనిచేసి జతలో పనిచేయని వ్యాఖ్యను కొట్టేయండి, లేదా "టేకెన్"కి కూడా సమాధానం చెప్పగలిగితేనే ఉంచండి.